ముందు పోసిన కొసరు

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని అట్ట లోపలి వైపు అచ్చు వేసి ఉంది. పంతొమ్మిదేళ్ళు అలాగే రాశాను. ఇవాళ్టి నుంచి రాయను. ఎవరైనా చదివి అభ్యంతరం చెబితే చెప్పనీ, కనీసం ఒకరు చదివారని తెలుస్తుంది.

నా పేరు దమయంతి. భీమిలి దిగువ పట్నంలో, కొలతల శాఖలో ప్రాసెసర్ల పరీక్ష నా పని. పరీక్ష గది మూడో అంతస్తులో ఉంది. మూడోది అంటే నేల నుంచి కిందికి మూడోది. పైకి కట్టే ఇళ్ళు మా అమ్మమ్మ కాలంతోనే పోయాయి.

ఈ ఏడు పరీక్షకి రెండు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఒకదానిలో మెరుపు-40 చిప్పు, రెండోదానిలో ఓపిక-6. ఏటా ఒక్క చిప్పుకే శ్రేష్ఠ ముద్ర వేస్తాం. ముద్ర పడిందే దుకాణాలకు దిగుతుంది, రెండోది వచ్చిన దారినే పోతుంది.

మెరుపు పెట్టె మీద బంగారు అక్షరాలతో "వీరులకూ, సృష్టికర్తలకూ" అని రాశారు. చదవగానే నాకు వెగటు పుట్టింది. వీరులంటే ఎవరు? పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఎండకి పైకి వెళ్ళే వీల్లేక మంచం మీద బోర్లా పడుకుని గేములాడేవాళ్ళు. సృష్టికర్తలంటే తాము తిన్న ఉప్మాకి సంగీతం కలిపి పదిమంది మీదకి వదిలేవాళ్ళు. వీళ్ళ కోసం ఆ చిప్పు గది వేడిని నాలుగు డిగ్రీలు పెంచుతుంది. పక్కింటి గోడ కాలుతుంది. పక్కింటివాళ్ళు వచ్చి తిడతారు. నిన్న మా వరసలో రెండు కుటుంబాలు పాత చిప్పు గోడ వేడి మీదే జుట్లు పట్టుకున్నాయి.

సరే, అంకెలు. గేము పరీక్ష పది నిమిషాలు: మెరుపు సెకనుకు 240 ఫ్రేములు, ఓపిక 118. చిప్పు చల్లారాక వీడియో పరీక్ష పది నిమిషాలు: కనకాంబరాల దండ కడుతున్న ఆవిడ వీడియోలో ఒక నిమిషం పనిని మెరుపు 21 సెకన్లలో పూర్తి చేసింది, ఓపిక 44 సెకన్లు తీసుకుంది. ఓపిక అని పేరు పెట్టుకున్నవాడికి వ్యాపారం ఎవరు నేర్పారో తెలియదు.

మెరుపు కంపెనీ ఏజెంటు విహాన్ కాజాల పొట్లం తెచ్చాడు. నేను ముట్టుకోలేదు. మా పై అధికారి తాతబాబు గారు నాలుగు తిన్నారు.

మెరుపుకి ముద్ర వేశాను. ఓపిక ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

కృత్తిక, పన్నెండో రోజు

నూకరత్నం వచ్చింది. రెండో అంతస్తులో ఉంటుంది, నన్ను అక్కా అంటుంది. వాళ్ళ నాన్న పోలయ్యకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఇంట్లో సైగలతోనే పెరిగింది కాబట్టి, మాటలకన్నా ముందు ఆమెకు చేతులే వచ్చాయి. దిగువ పట్నంలో వినపడనివాళ్ళు రెండు వందల పైచిలుకు ఉన్నారు. హెచ్చరిక కూత మోగినప్పుడు వాళ్ళకి చెప్పేది నూకరత్నమే. కెమెరా ముందు నిలబడి సైగలు చేస్తుంది. ల్యాప్‌టాప్ ఆ బొమ్మని శుభ్రం చేసి, పెద్దది చేసి, అప్పటికప్పుడు అన్ని వసారాల గోడల మీదకీ పంపుతుంది. ఆమె పాత ల్యాప్‌టాప్ మొన్న కన్నుమూసింది.

"అక్కా, ఏది కొనమంతావు? నువ్వు సెప్పిందే కొంతాను," అంది.

"మెరుపు తీసుకో. దానికి రెండింతలు వేగం."

"నాకు గేములక్కర్లేదు. సేతులు తిన్నగా కనపడితే సాలు."

"కనపడతాయి. ముద్ర వేసింది నేనే కదా."

ఆ చివరి మాట ఎంత దర్జాగా అన్నానో నాకు గుర్తుంది.

వెళ్ళేముందు నాకు రెండు సైగలు నేర్పింది, ఎప్పుడైనా పనికొస్తాయని. రెండు వేళ్ళు జోడించి ఎత్తి పట్టుకుంటే "పైకి". అది ఉప్పెన వచ్చినప్పుడు. అవే వేళ్ళు ఎత్తి, మణికట్టుని ఒక్కసారి కిందికి విదిలిస్తే "కిందికి". అది వడసెగ వీచినప్పుడు. రెండింటికీ మధ్య తేడా ఆ ఒక్క విదిలింపే. నేను చేస్తే చీపురు దులిపినట్టు ఉందని నవ్వింది.

రోహిణి కార్తె, రెండో రోజు

పదకొండు ఫిర్యాదులు. అన్నీ ఒకటే పాట: మెరుపు ల్యాప్‌టాప్‌లో గేము మొదట్లో గుర్రంలా పోతుంది, పావుగంట తిరక్కుండా చచ్చుబడుతుంది. ఒకడైతే తన యుద్ధం మధ్యలో శత్రువుకి మూడు కాళ్ళు మొలిచాయని రాశాడు. మూడు కాళ్ళ శత్రువు చేతిలోనూ ఓడిపోయాడట. అదీ అతని బాధ.

విహాన్‌ని పిలిపించాను. కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"మేడమ్, చిప్పు వేడెక్కితే కొంచెం స్లో అవుతుంది. నార్మలే. కాగితాల్లో రాశాం కదా."

కాగితాలు తెప్పించాను. నూట పద్నాలుగో పేజీలో, దోమ కాలంత అక్షరాల్లో ఉంది. కంపెనీ హామీ ఇచ్చే కొలత సెకనుకు 62 ఫ్రేములు. అంతకు మించి వచ్చేదంతా "కొసరు".

"కొసరా?"

"అవును మేడమ్. మీ వాళ్ళ మాటే. గిఫ్ట్ లాంటిది. కొసరు ఎంత ఇచ్చారని, ఎంతసేపు ఇచ్చారని ఎవరూ అడగరు కదా."

ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ ఎండు చేపలు అమ్మేది. సోలెడు రొయ్యపొట్టు నిండుగా కొలిచి, తలకొట్టి చదును చేసి, కొన్నవాళ్ళ కొంగులో పోశాక, అప్పుడు పిడికెడు తీసి పైన వేసేది. ఆ పిడికెడు కొసరు. కొలత అయ్యాక వేసేది. ఈ పెద్దమనిషి సోల అడుగున పిడికెడు పోసి, అది చూపించి, సోల నిండిందంటున్నాడు. పైగా ఆ మాటని మా నోట్లోంచే తీసుకున్నాడు. ఈ కంపెనీలో తెలుగు తెలిసినవాడెవడో కూర్చుని, వెతికి వెతికి ఈ మాటని పట్టుకుని ఉంటాడు.

తాతబాబు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం తిప్పి తిప్పి చూశారు.

"కాగితాలన్నీ ముందే ఇచ్చారు కదమ్మా. చదివినట్టు సంతకం నీదే ఉంది," అన్నారు.

నూట పద్నాలుగో పేజీ నేను చదవలేదు. పేజీలు తిప్పి సంతకం పెట్టాను.

రోహిణి, ఐదో రోజు

పది నిమిషాల దగ్గర ఆపకుండా, ఇవాళ మెరుపుని ఇరవై ఐదు నిమిషాలు నడిపాను.

పన్నెండో నిమిషం దాకా 240. పదమూడో నిమిషంలో 62. మెట్టు మీంచి జారినట్టు పడిపోయింది. అయినా తెర మీద 240 అనే చూపిస్తోంది. మిగతా ఫ్రేముల్ని అది ఊహించి గీస్తోందన్నమాట. ముందు బొమ్మనీ వెనక బొమ్మనీ చూసి, మధ్యలో జరిగింది ఇదై ఉంటుందిలే అని అతికిస్తోంది.

వీడియో పరీక్షా అంతే. నిమిషం పనికి ఇప్పుడు ఎనభై సెకన్లు కావాలి. అప్పటికప్పుడు పంపే వీడియో అయితే అంత వ్యవధి ఉండదు, అందుకని మధ్యలో బొమ్మలు సొంతంగా కల్పిస్తోంది. దండ కడుతున్న ఆవిడకి ఆరో వేలు మొలిచింది. నార పువ్వు చుట్టూ తిరగకుండా, పువ్వులోంచి దూరి పోయింది. ముడి పడలేదు. దండ మాత్రం పెరుగుతోంది. అంత రోత పుట్టించే దృశ్యం ఈ పంతొమ్మిదేళ్ళలో చూడలేదు.

ఓపికని బీరువాలోంచి తీసి అదే పరీక్ష పెట్టాను. మొదటి నిమిషం 44 సెకన్లు. ఇరవై ఐదో నిమిషం 44 సెకన్లు. ప్రతి ముడీ పడింది.

పరీక్ష పది నిమిషాలే అని పెట్టిందెవరో కూడా రాసి ఉంచాలి. నేనే. పన్నెండేళ్ళ కింద గాలి గొట్టం పాడై గది ఉడికిపోతుంటే, పది నిమిషాలు చాలని నియమం రాశాను. ఆరేళ్ళ కింద గొట్టం బాగుచేశారు. నియమం మార్చలేదు. పది నిమిషాలైతే పదకొండున్నరకల్లా రెండూ ముగించి టీ తాగవచ్చు. మెరుపు కంపెనీ పన్నెండు నిమిషాల కొసరుని ఊరికే ఎంచుకోలేదు. నా టీ చూసుకుని ఎంచుకుంది.

అప్పుడు నూకరత్నం గుర్తొచ్చింది.

రోహిణి, ఆరో రోజు

పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాను. ల్యాప్‌టాప్‌ని పన్నెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, "ఇప్పుడు 'కిందికి' చెయ్యి," అన్నాను. చేసింది. గోడ మీద ఆమె బొమ్మ రెండు వేళ్ళు ఎత్తింది, ఎత్తి పట్టుకుంది. విదిలింపు లేదు. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ లేదు. ఆ విదిలింపు కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోతుంది. చిప్పు దాన్ని చూడనే లేదు. ముందు వేళ్ళు పైకే ఉన్నాయి, తర్వాతా పైకే ఉన్నాయి, కాబట్టి మధ్యలోనూ పైకే అనుకుంది.

నూకరత్నం గోడనీ తన చేతినీ మార్చి మార్చి చూసింది.

"అక్కా, నాను కిందికి అంతన్నాను. ఇది పైకి అంతన్నాదేటి?"

మంచం మీద కూర్చున్న పోలయ్య కూతురి వైపు తిరిగి ఏదో సైగ చేశాడు. ఆమె నవ్వబోయి మానేసింది.

"ఏమంటున్నాడు?"

"సెగ వస్తే పైకి రమ్మంతన్నావేటే, నన్ను వేపుకు తింతావా అని అడుగుతన్నాడు."

ఈ కార్తెలో ఇప్పటిదాకా వచ్చిన హెచ్చరికలు ఐదారు నిమిషాల్లో అయిపోయాయి కాబట్టి బతికిపోయాం. పన్నెండు నిమిషాలు దాటితే ఆపెయ్యమన్నాను.

"ఆపితే గోడలన్నీ నల్లగైపోతాయి గదక్కా. అది సూసి జనం ఇంకా బెదురుతారు. పోనీ రాత పెడదామంతే మా నాన్నకి సదువు లేదు. ఆ రెండో పెట్టె ఇప్పించు. నీకాడే ఉన్నాది గదా."

దుకాణాల్లో ఓపిక లేదు. ముద్ర లేదు కనక. ఊరు మొత్తానికి ఉన్నది ఒక్కటే, అది నా బీరువాలో ఉంది. తాతబాబు గారిని అడిగాను. పరీక్షకి వచ్చిన వస్తువు గది దాటకూడదనీ, అర్జీ రాస్తే రోహిణి వెళ్ళాక చూద్దామనీ అన్నారు. అర్జీ రాశాను. మంచి దస్తూరీతో రాశాను.

బీరువా తాళంచెవి నా నడుముకే ఉంది.

రోహిణి, తొమ్మిదో రోజు

మధ్యాహ్నం రెండుంబావుకి వడసెగ. కూత మోగింది. నేను పరీక్ష గది బయట వసారాలో నిలబడ్డాను. గోడ మీద నూకరత్నం "కిందికి, కిందికి" అని విదిలిస్తోంది. జనం ఐదో అంతస్తుకి దిగుతున్నారు. ఐదు నిమిషాలు, ఎనిమిది, పది. కూత ఆగలేదు.

పదమూడో నిమిషంలో గోడ మీద ఆ చెయ్యి ఆగిపోయింది. రెండు వేళ్ళు, పైకి.

పరుగెత్తాను. నా మోకాళ్ళతో దాన్ని పరుగు అనవచ్చో లేదో. రెండు అంతస్తులు ఎక్కేసరికి తొమ్మిదిమంది మెట్ల మీద ఉన్నారు, అందరూ వినపడనివాళ్ళే, అందరికన్నా ముందు పోలయ్య. మొన్న ఆ గోడని వెక్కిరించినవాడే, కానీ ఈసారి నిజంగా ఉప్పెనే వచ్చిందేమోనని భయపడి ఉంటాడు. "దిగండి, దిగండి" అని అరిచాను. వినపడనివాళ్ళ వెనక నిలబడి గొంతు చించుకుని అరిచాను. అంత తెలివి నాది. సైగ గుర్తొచ్చి చెయ్యి ఎత్తేసరికి, ఎవరూ నా వైపు తిరిగి లేరు.

పోలయ్య పై తలుపు ఇనప చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు.

మిగతా ఎనిమిదిమందీ అతని కేక విని కాదు, చూసి ఆగారు. నేను అతన్ని చక్రం మీంచి లాగాను. అరచేతుల చర్మం ఇనుముకి అంటుకుని ఉండిపోయింది. తలుపు వేలెడు కూడా తెరుచుకోలేదు, అందుకే అందరం ఉన్నాం.

ఆసుపత్రిలో రెండు చేతులకీ మణికట్లు దాటి కట్లు కట్టారు. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే నూకరత్నం సైగ చేసి చెప్పింది. పోలయ్య జవాబు చెప్పబోయాడు. కట్లు రెండూ గాల్లోకి లేచాయి, అక్కడే ఆగిపోయాయి. అతనికి నోరు చేతుల్లోనే ఉంది. ఆ నోటికి నేను గుడ్డ కట్టించాను.

నూకరత్నం నన్ను తిట్టలేదు. నా వైపు చూడలేదు కూడా. సాయంత్రం బీరువా తెరిచి ఓపికని తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను. అర్జీ ఏమైందని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని దారి పొడుగునా భయపడ్డాను. ఆ పని మూడు రోజుల ముందు చేయడానికి నాకు ఏమి అడ్డం వచ్చిందో రాద్దామని అరగంట నుంచి కూర్చున్నాను. ఏమీ అడ్డం రాలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

రోహిణి, పదమూడో రోజు

విహాన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి పూతరేకులతో. జరిగినదానికి కంపెనీ చాలా బాధపడుతోందట. బాధపడి, చిప్పుకి ఒక అప్‌డేట్ చేసిందట.

"ఇకమీదట 'కిందికి' అనే సైన్ మిస్సయ్యే చాన్సే లేదు మేడమ్. చిప్పుకి నేర్పించేశాం. చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా అదే సరిచేసి చూపిస్తుంది."

"సరిచేసి అంటే?"

"అంటే, మనిషి తప్పు చేసినా చిప్పు తప్పు చెయ్యదు."

తాతబాబు గారికి ఆ మాట బాగా నచ్చింది. ఎల్లుండి మరోసారి పరీక్షించి ముద్ర ఖాయం చేయమన్నారు. ఎల్లుండి మృగశిర. వడసెగలు అయిపోయి ఉప్పెనలు మొదలయ్యే కాలం. అందరికీ "పైకి" అని చెప్పవలసిన కాలం. ఆ సంగతి గదిలో నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. వీళ్ళకి చెప్పి లాభం లేదు, చూపించాలి.

మృగశిర కార్తె, మొదటి రోజు

పరీక్షకి నూకరత్నాన్నీ పోలయ్యనీ రమ్మని కబురు పెట్టాను. ఆమె రాదనుకున్నాను. తండ్రిని నడిపించుకుని వచ్చింది. చేతుల కట్లు విప్పారు. అరచేతులు ఎర్రగా, ముడతలు పడి ఉన్నాయి. రెండు వేళ్ళు జోడించి ఎత్తగలడు. మణికట్టు మాత్రం తిరగదు. ఇక తిరగదన్నారు డాక్టర్లు. అంటే ఆ మనిషి జన్మలో మరి "కిందికి" అనలేడు.

తాతబాబు గారూ, విహానూ బల్ల అవతల కూర్చున్నారు. దండ కట్టే వీడియో తీసి పక్కన పెట్టాను.

"ఇదేంటి మేడమ్, టెస్ట్ వీడియో మార్చేశారు?" అన్నాడు విహాన్.

"చెయ్యి ఉంది కదా, చాలు," అన్నాను.

కెమెరా ముందు పోలయ్యని కూర్చోబెట్టాం. "పైకి" అని పట్టమని నూకరత్నం చెప్పింది. పట్టాడు. తెర మీద కాలిన చెయ్యి, రెండు వేళ్ళు, పైకి. పదో నిమిషం వచ్చింది. విహాన్ లేవబోయాడు.

"కూర్చోండి. నేను ఇంకా టీకి వెళ్ళలేదు."

నొప్పిగా ఉంటే దించెయ్యమని కూతురు సైగ చేస్తే, పోలయ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పదకొండు. పన్నెండు.

పదమూడో నిమిషంలో తెర మీది చెయ్యి నున్నబడింది. ముడతలు పోయాయి, ఎరుపు పోయింది. కుర్రవాడి చెయ్యిలా తయారైంది. ఆ మణికట్టు చులాగ్గా తిరిగి, వేళ్ళు కిందికి విదిలించింది. మళ్ళీ విదిలించింది. ఇవతల పోలయ్య చెయ్యి కదలకుండా పైకే ఉంది.

విహాన్ ఏదో అనబోయాడు. తాతబాబు గారు ఉండమన్నట్టు చెయ్యి ఎత్తి, తన చెయ్యినే చూసుకుని దించేశారు.

పోలయ్య తెరని చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, బిగుసుకుపోయిన వేళ్ళతో మెల్లగా ఏదో చెప్పాడు. ఆమె రెండుసార్లు అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆ చేతులు ఇప్పుడు ఆమెకి కూడా సరిగ్గా అర్థం కావడం లేదు.

"ఏమన్నాడు?" అని అడిగారు తాతబాబు గారు.

"ఆ సెయ్యి నాది కాదు అంతన్నాడు," అంది నూకరత్నం. అని, ఆరు రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "రాసుకోక్కా."

రాసుకుంటున్నాను.

మెరుపు-40 అని చెక్కిన ముద్రని సుత్తితో కొట్టి చదును చేశాను. అది నా పరిధిలోని పనే. దొంగ తూకపు రాయి మీద ముద్రని కొట్టేసే అధికారం కొలతల శాఖలో ప్రతి ఒక్కరికీ ఉంది. పంతొమ్మిదేళ్ళలో వాడటం ఇదే మొదలు. పది నిమిషాల నియమం రాసిన కాగితం మీద అడ్డంగా గీత గీసి, కింద నా పేరు పెట్టాను.

ఓపిక-6: కొలత 118. మొదటి నిమిషం నుంచి చివరి దాకా అంతే. శ్రేష్ఠ ముద్ర వేశాను.

మెరుపు-40: కొలత 62. ముందు పోసిన కొసరు పారబోసి కొలిచాను.